పసిపిల్లల పదసంపద - విద్యా వీడియోలు

ఒకటి నుండి మూడు సంవత్సరముల వయసు గల పిల్లలకు మాటలు నేర్పే ఉద్దేశముతో తయారుచేసే పాటలను, బొమ్మల దృశ్యములను పసిపిల్లల విద్యా వీడియోలు అంటారు. ఇవి టెలివిజన్, వీడియో క్యాసెట్లు, డీవీడీలతో మొదలై ఇప్పుడు ఎక్కువగా సెల్‌ఫోను ద్వారా ఇళ్ళకు చేరుతున్నవి. తెలుగు వీడియోలలో పండ్లు, కూరగాయలు, జంతువులు, రంగులు, అంకెలు ప్రధానముగా కనిపిస్తాయి. రెండేళ్ళ లోపు పిల్లలు ఒంటరిగా తెరను చూసి నేర్చుకునే మాటలు చాలా తక్కువ అనీ, పక్కన పెద్దవారు కూర్చుని మాట్లాడుతున్నప్పుడు మాత్రమే వీడియో కొంత ఉపయోగపడుతుందనీ ఈ విషయముపై జరిగిన ముఖ్యమైన పరిశోధనలు చూపుతున్నవి.

మాటలు వచ్చే తీరు

సాధారణముగా ఏడాది నిండే సమయానికి తొలి మాట వస్తుంది. ఏడాదిన్నర తరువాత మాటలు వేగముగా పెరిగి, రెండేళ్ళ ప్రాంతములో "అమ్మ రా", "పాలు కావాలి" వంటి రెండు మాటల వాక్యములు మొదలవుతాయి. బిడ్డకూ బిడ్డకూ ఇందులో తేడా చాలా ఉంటుంది. పలికే మాటల కంటే అర్థమయ్యే మాటలు ఎప్పుడూ ఎక్కువే.

తల్లి "అదిగో కుక్క" అన్నప్పుడు బిడ్డ ముందు తల్లి ముఖము చూసి, ఆమె చూపు ఎటు పోయిందో అటు చూస్తుంది. ఇలా ఇద్దరి దృష్టి ఒకే వస్తువుపై నిలవడమును మనోవిజ్ఞానములో ఉమ్మడి అవధానము అంటారు. బిడ్డ "కుక్" అనగానే తల్లి "ఔను, కుక్క! పరుగెత్తుతోంది చూడు" అని ఆ మాటను వాక్యముగా పెంచి తిరిగి ఇస్తుంది. తెరపైని బొమ్మ ఈ పని చేయలేదు. బిడ్డ తలుపు వైపు చూస్తున్నా అది ఏనుగు గురించే చెబుతూ పోతుంది. అన్నమును బువ్వ అని, దేవుణ్ణి జేజ అని, స్నానమును లాల అని పిలిచి, ఆ పని జరుగుతున్నప్పుడే ఆ మాటను పదేపదే అనడము తెలుగు ఇళ్ళలో తరతరాలుగా ఉన్న బోధనా పద్ధతియే. దానికి ఆ పేరు ఎవరూ పెట్టలేదు, అంతే.

పరిశోధనలు

2003లో ప్యాట్రీషియా కూల్ బృందము అమెరికాలో తొమ్మిది నెలల శిశువులపై ఒక ప్రయోగము ప్రచురించినది. కొందరికి చైనా మాండరిన్ భాష మాట్లాడే మనుషులే ఎదుట కూర్చుని పన్నెండు విడతలలో కథలు చెప్పారు, ఆడించారు. మరికొందరికి అవే మాటలు డీవీడీలో చూపారు. మనిషి వద్ద విన్న శిశువులు మాండరిన్ ధ్వనుల భేదమును గుర్తించగలిగారు. డీవీడీ చూసినవారు ఏమీ వినని వారితో సమానముగానే ఉండిపోయారు.

2007లో జిమ్మర్‌మన్, క్రిస్టాకిస్, మెల్ట్‌జాఫ్ అనే పరిశోధకులు వెయ్యికి పైగా తల్లిదండ్రులను టెలిఫోనులో ప్రశ్నించి, 8 - 16 నెలల పిల్లలు రోజూ చూసే ప్రతి గంట శిశు వీడియోకు వారికి అర్థమయ్యే మాటలు సుమారు 6 నుండి 8 వరకు తక్కువగా ఉన్నవని తెలిపారు. 17 - 24 నెలల వారిలో ఇటువంటి సంబంధము కనిపించలేదు. వీడియోయే దీనికి కారణమని ఈ లెక్క రుజువు చేయదు. మాట్లాడే తీరిక లేని ఇంట్లోనే వీడియో ఎక్కువగా నడుస్తూ ఉండవచ్చును. పత్రికలు అప్పట్లో ఈ భేదమును అంతగా పట్టించుకోలేదు.

కారణమును నేరుగా పరీక్షించినది 2010లో జూడీ డెలోష్ బృందము ప్రచురించిన ప్రయోగము. 12 - 18 నెలల పిల్లలకు బాగా అమ్ముడైన ఒక వీడియోను నాలుగు వారాలు ఇంట్లో చూపించారు. మరొక వర్గములో వీడియో లేకుండా తల్లిదండ్రులే అవే మాటలను రోజువారీ పనులలో చెప్పారు. ఎక్కువ మాటలు నేర్చినది ఈ రెండవ వర్గమే. వీడియో చూసినవారు ఏమీ చూడని వారి కంటే మెరుగు కాలేదు. అయినను, ఆ వీడియోను ఇష్టపడిన తల్లిదండ్రులు తమ బిడ్డ దానివలన చాలా నేర్చుకున్నదని నమ్మారు. ఈ రకపు వీడియోలలో పేరుపొందిన బేబీ ఐన్‌స్టీన్‌ను 2001లో కొనుగోలు చేసిన డిస్నీ సంస్థ, 2009లో ఆ డీవీడీలకు డబ్బు వాపసు ఇవ్వడానికి అంగీకరించినది.

వయసు పెరిగితే పరిస్థితి మారుతుంది. 1969లో మొదలైన సెసమీ స్ట్రీట్ కార్యక్రమమును 3 - 5 ఏళ్ళ వయసులో చూసిన పిల్లల పదసంపద పెరిగినట్లు 1990లో ప్రచురితమైన అధ్యయనము తెలిపినది. 2014లో వెలువడిన మరొక ప్రయోగములో 24 - 30 నెలల పిల్లలు వీడియో కాల్‌లో తమతో మాట్లాడిన మనిషి నుండి కొత్త క్రియాపదములు నేర్చుకున్నారు. ముందే చిత్రీకరించిన వీడియో నుండి నేర్చుకోలేదు. అనగా అడ్డు తెర కాదు, జవాబు రాకపోవడమే. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న బంధువు ఫోనులో మనుమరాలిని పలకరించడము ఈ లెక్కన వీడియో చూడడము కిందికి రాదు.

తెలుగు వీడియోలు

మన దేశములో పిల్లల కోసము విస్తారముగా దృశ్య బోధన చేసిన తొలి ప్రయత్నము 1975 - 76లో ఉపగ్రహము ద్వారా జరిగిన సైట్ ప్రయోగము. ఆంధ్ర ప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2400 గ్రామములకు ఇది చేరినది. అయితే దాని ఉదయపు పాఠములు బడి వయసు వారికే. పసిపిల్లల వీడియోలు తెలుగులో సీడీల రూపములో 2000 తరువాత వ్యాపించి, 2016లో మొబైల్ డేటా చౌక కావడముతో పల్లెలకు కూడా చేరినవి. చెన్నైలో 2013లో మొదలైన చూచూ టీవీ, బెంగళూరుకు చెందిన ఇన్ఫోబెల్స్ తెలుగులో కూడా పాటలు విడుదల చేసే సంస్థలు. ఇటువంటి సంస్థలు ఒకే బొమ్మలకు పలు భాషల పాటలు జోడించడము మామూలు. అందుచేత మంచు మనిషి, స్ట్రాబెరీ వంటివి తెలుగు పాటలోనూ కనిపిస్తాయి.

ఇంటి మాట, తెర మాట

నల్గొండ జిల్లాలో హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిపై ఉన్న కేతేపల్లి ప్రాంతమునే తీసుకుందాము. మూసీ ప్రాజెక్టు కాలువల కింద వరి పండే ఈ ఊళ్ళలో పిల్లవాడు రోజూ చూసేది బర్రె. తెరపై దాని పేరు గేదె. ఇంట్లో ఆలుగడ్డ, ఉల్లిగడ్డ. వీడియోలో బంగాళాదుంప, ఉల్లిపాయ. ఇంట్లో తొవ్వ, పుస్తకములో దారి. రెండు పేర్లు తెలియడము లాభమే, పిల్లలు దానికి తట్టుకోగలరు. అయితే "ఇదే మన బర్రె" అని కలిపి చెప్పేవారు లేనప్పుడు గేదె అనేది తెరలో మాత్రమే ఉండే ఒక నల్లని బొమ్మగా మిగులుతుంది. ఇంకొక ప్రమాదము, పెద్దలు వీడియో మాటయే సరియైనదని భావించి ఇంటి మాటను తప్పుగా దిద్దడము.

వీడియోలు చెప్పేవి ఎక్కువగా నామవాచకములు. రెండేళ్ళ బిడ్డకు అవసరమైనవి "ఇయ్యి, తియ్యి, పోదాం, అయిపోయింది, మీద, లోపల" వంటివి. చుట్టరికపు మాటలను ఏ తెరా నేర్పలేదు. అత్త, మామ, చిన్నమ్మ ఎవరన్నది బిడ్డను బట్టి ఉంటుంది గనుక ఆ బిడ్డ వాకిట్లో నిలిచిన మనిషిని చూపి చెప్పవలసినదే.

పాట మొత్తము అప్పగించిన పిల్లవాడికి అందులోని మాటలన్నీ వచ్చినట్లు కాదు. ఎరుపు, పచ్చ అని వరుసగా పాడే బిడ్డను ఎర్రని చెంబు తెమ్మంటే తేగలడా అన్నది అసలు పరీక్ష.

వాడకము, వయోపరిమితి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏడాది లోపు వారికి తెర అసలు కూడదని, ఏడాది వయసు వారికి కూడా తగదని, 2 - 4 ఏళ్ళ వారికి రోజుకు గంటకు మించరాదని సూచించినది. భారతీయ శిశువైద్యుల అకాడమీ సూచనలు కూడా రెండేళ్ళ లోపు వారికి తెర వద్దనే చెబుతాయి. తల్లి నాటుకూ కలుపుకూ పోయి, ఇంట్లో అవ్వ ఒక్కతే ఉన్నచోట ఫోను ఆయా పని చేస్తున్నదన్న సంగతి ఈ సూచనలలో కనిపించదు. అటువంటి ఇంట్లో కూడా చిన్న వీడియో ఒకటే ఎంచుకుని, మధ్యలో ఆపి "ఇదేంది?" అని అడిగి, జవాబుకు కొంతసేపు ఆగి, తరువాత అదే వస్తువును వంటింట్లోనో పెరట్లోనో చూపించవచ్చును. దీనికి అవ్వకు చదువు రానవసరము లేదు. అన్నము తినేటప్పుడు, నిద్రకు ముందు ఫోను పెట్టకపోవడము మంచిది, ఎందుకంటే ఇంట్లో మాటలు ఎక్కువగా దొరికే సమయములు అవే.

మాటలు ఆలస్యమైన ప్రతి బిడ్డ విషయములోనూ ఫోనునే తప్పుపట్టడము కూడా సరికాదు. పిలిస్తే తిరిగి చూడని బిడ్డకు, ఏడాదిన్నర దాటినా ఒక్క మాటా పలకని బిడ్డకు ముందు వినికిడి పరీక్ష చేయించాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము కింద వైద్య బృందములు అంగన్‌వాడీ కేంద్రములకు వచ్చి వినికిడి లోపము, మాటల ఆలస్యము వంటివి గుర్తించి జిల్లా కేంద్రములోని చికిత్సకు పంపుతాయి.