గర్భస్థ పిండమునందు నాడీ నాళము మూసికొను విధము

మెదడును, వెన్నుపామును ఒకే గొట్టమునుండి పుట్టుచున్నవి. ఆ గొట్టమునకు నాడీ నాళమని పేరు. ఫలదీకరణము జరిగిన తరువాత ఇంచుమించు 28 దినములలోగా దాని రెండు కొనలును మూసికొనవలెను. ఆనాటికి తల్లికి నెలసరి తప్పి రెండు వారములు మాత్రమే గడచియుండును. పలువురకు తాము గర్భవతులమను నిశ్చయమైనను కలిగియుండదు. ఈ విషయమునందలి చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

మూడవ వారమున పిండము పలుచని బిళ్లవలె నుండును. దాని పైపొర క్రింద పృష్ఠవంశమను సన్నని దండమొకటి నిడుపుగా ఏర్పడి, తన పైనున్న కణములకు రసాయన సంకేతములను పంపును. ఆ కణములు నిలువుగా ఎదుగుటచే 18వ దినము ప్రాంతమున నడుమ దళసరియైన ఫలకమొకటి తోచును. పిమ్మట మధ్యరేఖయందలి కణములు పైభాగమున ముడుచుకొని, అడుగున వెడల్పయి, చీలవంటి ఆకారమును దాల్చును. అందుచే అచ్చట గాడి పడును. ఇరువైపుల అంచులు పైకి లేచును. మోదుగాకును దొప్పగా మడచునప్పుడు నడిమి ఈనె వెంబడి ఆకు వంగుటను చూచినవారికి ఇది సులభముగా బోధపడగలదు. అయితే దొప్పకు పుల్ల గుచ్చవలెను. ఇచ్చట అంచులు తమంత తామే అతుకుకొనును. అతికిన గొట్టము లోనికి దిగగా, పైపొర దానిమీద కలిసికొని చర్మమగును. అంచులనుండి విడివడిన కొన్ని కణములు దూరప్రయాణము చేసి ముఖపుటెముకలలో కొన్నింటిని, చర్మమునకు రంగునిచ్చు కణములను నిర్మించుట మరియొక వింత.

అతుకు 22వ దినము ప్రాంతమున, మెడ కాబోవు చోట మొదలై, తలవైపునకును తోకవైపునకును సాగును. తలవైపు ద్వారము సుమారు 25వ దినమునను, తోకవైపుది 27 లేక 28వ దినమునను మూసికొనును. ఇదంతయు నువ్వుగింజంత దేహమునందు జరుగుచున్నది.

తలవైపు మూయబడనిచో కపాలపు పైకప్పు ఏర్పడదు, మెదడు నశించును. అట్టి శిశువు మృతశిశువుగనో, పుట్టిన కొలది గంటలలో లేక దినములలో మరణించునదిగనో యుండును. వీపు భాగమున మూయబడనిచో వెన్ను చీలియుండును. కాళ్లకు బలము తగ్గుట, మలమూత్రములపై అదుపు లేకుండుట, తలలో నీరు చేరుట దీని ఫలితములు. శస్త్రచికిత్సచే వీపును మూయవచ్చును; అట్లు పెరిగి చదువుకొనుచున్న పిల్లలు అనేకులు కలరు. ఇట్టి శిశువు పుట్టినప్పుడు గ్రహణమును, తల్లి నడవడిని నిందించుట మన యిండ్లలో కలదు. అది అన్యాయము.

కణములు వేగముగా విభజన చెందుటకు ఫోలిక్ ఆమ్లమను విటమిను అవసరము. దీని చరిత్రతో మన దేశమునకు సంబంధము గలదు. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారముచే అది నయమగునని 1931లో ప్రకటించెను. 1941లో పాలకూరనుండి ఈ పదార్థమును వేరుచేసిరి. ఆకు అను అర్థముగల లాటిన్ మాటనుండి దీనికి పేరు వచ్చినది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థయందు నడిపిన పరిశోధక బృందము 1945లో దీనిని కృత్రిమముగా తయారుచేసెను. వీరందరి దృష్టియు రక్తహీనతపైనను, పోషణపైననే యుండెను, పిండముపై కాదు. నాడీ నాళ దోషముగల శిశువును ఇదివరకు కనిన తల్లులకు దినమునకు 4 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి, ఏడు దేశములలో జరిపిన పరీక్ష ఫలితములు 1991లో వెలువడినవి. ఆ దోషము మరల కలుగుట 72 శాతము తగ్గెను.

కావున గర్భమును కోరు స్త్రీ కనీసము ఒక నెల ముందునుండి మూడవ నెల ముగియువరకు దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును తీసికొనవలెను. నాల్గవ నెలనుండి ఇచ్చు ఇనుము మాత్రలలో ఈ విటమిను ఉన్నను, అది రక్తహీనతకు ఉపకరించునే గాని, అప్పటికి నాళము పని ముగిసియుండును. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు మంచివే. కాని ఎక్కువసేపు ఉడికించి నీటిని పారబోసినచో అందలి విటమిను చాలవరకు పోవును. ఆహారము మాత్రకు బదులు కాజాలదు. మునుపు ఇట్టి శిశువును కనినవారికిని, మధుమేహము గలవారికిని, మూర్ఛకు మందు వాడువారికిని మోతాదు వేరుగా నుండవచ్చును; దానిని వైద్యుడే నిర్ణయించును. సోడియం వాల్‌ప్రోయేట్ అను మూర్ఛమందు ఈ దోషమును అధికము చేయును. అయినను దానిని తమంత తాము మానరాదు. గర్భమునకు ముందుగనే వైద్యుని అడిగి మార్చుకొనవలెను.