పసుపా, పెద్దాయన చెయ్యా?

సిరికొండ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. పసుపు కల్లం దగ్గరికి పోతూ బండి జారి పడ్డారట. మోకాలి కింద చీరుకుపోయి నెత్తురు కారుతుంటే, కల్లంలో ఉన్న పెద్దాయన గుప్పెడు పసుపు తెచ్చి గట్టిగా అదిమి పట్టుకున్నారు. నెత్తురు ఆగింది. ఆసుపత్రిలో నర్సమ్మ ఆ పసుపంతా కడిగి తీయడానికి చాలాసేపు పట్టింది, కడిగినంతసేపూ తిట్టిందట. ‘నెత్తురు ఆపింది పసుపే కదా, మరి తిట్లెందుకు?’ అని ఆయన ప్రశ్న.

జాతీయ పసుపు బోర్డు కార్యాలయం 2025 జూన్‌లో నిజామాబాద్‌లోనే తెరిచారు. సిరికొండ ఉన్న ఆ జిల్లా మనిషికి పసుపు మీద ఎదురుమాట చెప్పడం కొరివితో తల గోక్కోవడమే. అయినా చెప్తాను: ఆపింది పసుపు కాదు, పెద్దాయన చెయ్యి.

కల్లంలో నేల మీద ఎండిన కొమ్ముల పొడిలో మట్టి ఉంటుంది, మట్టిలో ధనుర్వాతం సూక్ష్మజీవి ఉండొచ్చు. నర్సమ్మ కోపం అందుకు. మరి పేటెంట్ సంగతో అంటారా? గాయానికి పసుపు వాడే పద్ధతి మీద 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ ఇచ్చారు. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) పోరాడి 1997లో రద్దు చేయించింది. పసుపు పరీక్ష పాసైందన్నట్టు మనం సంబరపడ్డాం. అది కొత్త సంగతి కాదన్నందుకే పేటెంట్ పోయింది; పసుపు పనిచేస్తుందా లేదా అన్నది అక్కడ తేల్చిన విషయమే కాదు.

ఇక నాకు ఇష్టమైన చోటికి, నెత్తురు అసలు ఎలా ఆగుతుందన్న దగ్గరికి వస్తాను. రక్తనాళం తెగగానే ముందు అది ముడుచుకుంటుంది. తెగిన అంచున, మామూలుగా నెత్తురుకు కనబడని కొలాజెన్ పోగులు బయటపడతాయి. నెత్తురులో ఉండచుట్టుకుని తిరిగే వాన్ విలిబ్రాండ్ అనే పొడుగాటి ప్రొటీన్ వాటికి తగులుకుంటుంది. పారే నెత్తురే దాన్ని లాగి తాడులా సాగదీస్తుంది. ప్రవాహం ఎంత జోరుగా ఉంటే తాడు అంత బాగా విచ్చుకుంటుంది! డెంగీ వచ్చినప్పుడు మనం రోజూ లెక్క చూసుకునే ప్లేట్‌లెట్లు ఆ తాడుకు చిక్కుకుని ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.

కాలువకు గండి పడితే ముందు మట్టి బస్తాలు వేస్తాం చూడండి, ఇది అంతవరకే. బస్తాలు కొట్టుకుపోకుండా వల కావాలి. ఆ వల నేసేది త్రాంబిన్ అనే ఎంజైము. రక్తనాళం బయటి కణాల మీద ‘టిష్యూ ఫ్యాక్టర్’ అనేది కాపు కాసి ఉంటుంది. నాళం తెగితే తప్ప నెత్తురుకు అది ఎదురుపడదు. ఎదురుపడిందా, నెత్తురును గడ్డకట్టించే పదార్థాల్లో ఏడో నంబరుది పదో నంబరును లేపుతుంది, పదోది త్రాంబిన్‌ను లేపుతుంది. త్రాంబిన్ నెత్తురులో కరిగి ఉన్న ఫైబ్రినోజన్ అనే ప్రొటీన్ కొసలు కత్తిరిస్తుంది. కొసలు తెగిన అణువులు వాటంతటవే అతుక్కుని ఫైబ్రిన్ దారాలవుతాయి. పదమూడో నంబరు వచ్చి దారాలకు అడ్డకుట్లు వేస్తుంది. త్రాంబిన్ తన పుట్టుకను తానే పెంచుకుంటుంది కూడా. ఇదంతా నిమిషాల పని. ఆ నిమిషాల్లో నెత్తురు ధారగా పారుతుంటే పుట్టిన త్రాంబిన్ పుట్టినట్టే కొట్టుకుపోతుంది. అదిమి పట్టిన చెయ్యి ఆ పారుదలను ఆపుతుంది. మధ్యలో ‘ఆగిందా?’ అని గుడ్డ ఎత్తి చూస్తే సగం నేసిన వల గుడ్డతో పాటే లేచి వస్తుంది.

గడ్డకట్టే ఈ కథకు మొదలు ఎక్కడో పెద్ద శాస్త్రవేత్తలే తప్పు చెప్పారు. అమెరికాలో జాన్ హేజ్‌మన్ అనే రైల్వే కార్మికుడి నెత్తురు గాజు నాళికలో ఎంతసేపటికీ గడ్డకట్టేది కాదు. ఆస్కార్ రాట్నాఫ్ అనే వైద్యుడు 1955లో ఈ వింత రాశాడు. హేజ్‌మన్‌లో లోపించినదానికి ఆయన పేరే పెట్టారు. అదే పన్నెండో నంబరు. 1964లో ఇంగ్లండ్‌లో మాక్‌ఫార్లేన్, అమెరికాలో డేవీ, రాట్నాఫ్ విడివిడిగా గడ్డకట్టే వరస గీసి, పన్నెండునే మొదట నిలబెట్టారు. పుస్తకాలన్నీ అదే నేర్పాయి. కానీ హేజ్‌మన్‌కు నెత్తురు ఆగని జబ్బే లేదు! 1968లో ఆయన పోయింది కూడా నెత్తురు కారి కాదు. పనిలో ప్రమాదం జరిగి కటి ఎముక విరిగింది, తర్వాత నెత్తురు గడ్డ ఊపిరితిత్తుల్లో అడ్డుపడింది. నాళికలో పన్నెండును లేపేది గాజు. మన ఒంట్లో గాజు లేదు కదా.

గడ్డకట్టే ఈ యంత్రానికి చలి పడదు. ఒళ్లు చల్లబడితే ఎంజైములు మందగిస్తాయి, వల నేత సాగదు. దెబ్బ తగిలినవాడి మొహాన చెంబెడు నీళ్లు కొట్టి, స్పృహ లేకపోయినా నోట్లో పోసే మనవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కప్పాల్సింది దుప్పటి.

నేసిన వలను కరిగించే ప్లాస్మిన్ కూడా ఒంట్లోనే ఉంది. పెద్ద దెబ్బల్లో అది తొందరపడుతుంది. జపాన్‌లో ఒకమోటో దంపతులు కనిపెట్టిన ట్రానెగ్జామిక్ ఆమ్లం దాన్ని ఆపుతుంది. 40 దేశాల్లో 20 వేల మందికి పైగా క్షతగాత్రులతో జరిగిన క్రాష్-2 పరీక్ష ఫలితాలు 2010లో, వాటి విశ్లేషణ 2011లో వచ్చాయి: మందు 3 గంటల్లోపు పడితే ప్రాణాలు నిలుస్తాయి, దాటితే మేలు లేకపోగా కీడు.

అందుకే ఆలస్యం చెయ్యకుండా 108 అంబులెన్సుకు ఫోన్ చెయ్యమనేది. అది 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది, అయినా మనకు ముందు గుర్తొచ్చేది వీడియో తియ్యడం. సాయం చేస్తే కేసు మెడకు చుట్టుకుంటుందన్న భయానికి 2019 మోటారు వాహనాల చట్ట సవరణ విరుగుడు పెట్టింది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు లక్షన్నర దాకా నగదు లేని వైద్యం కూడా ఉంది. ఈ మాట ఆసుపత్రి గోడల మీద కంటే వార్తల్లోనే ఎక్కువ కనబడుతోంది.

సిరికొండ మిత్రమా, ధనుర్వాతం సూది వేయించుకున్నారో లేదో రాయలేదు. పెద్దాయన చెయ్యి తియ్యకుండా ఎన్ని నిమిషాలు పట్టుకున్నారో కూడా రాయలేదు. కనుక్కుని ఒక కార్డు ముక్క రాయండి.