కోసి కట్ట కట్టే యంత్రం



వరి కంకి వంగింది, ఆకాశం మబ్బు పట్టింది, కోతకు కూలీలు దొరకలేదు. పెద్దమందడి చుట్టుపక్కల వరి పెట్టే రైతుకు ఈ కష్టం కొత్తది కాదు. ఒకప్పుడు అమెరికా గోధుమ రైతుకూ ఇదే కష్టం వచ్చింది. అతడు యంత్రానికి గుర్రాలు కట్టి గట్టెక్కాడు. ఆ యంత్రం సంగతి తెలిస్తే ఈనాటి కోత యంత్రం సులువుగా అర్థమవుతుంది.

1831లో వర్జీనియాలో సైరస్ మెకార్మిక్ అనే రైతుబిడ్డ గుర్రం లాగే కోత యంత్రాన్ని పొలంలో నడిపి చూపాడు. 1834లో పేటెంటు పొందాడు. అయితే అది కోసేదే గాని కట్టేది కాదు. వెనుక మనుషులు వంగి పనలు ఎత్తి కట్టవలసిందే. తర్వాత ఇనుప తీగతో కట్టే యంత్రాలు వచ్చాయి. తీగ ముక్కలు గడ్డిలో కలిసి పశువుల కడుపులోకి పోయేవి. 1870ల చివర జాన్ ఆపిల్‌బీ అనే ఆయన పురికొసతో ముడివేసే పరికరాన్ని నమ్మకంగా పనిచేసేటట్లు తయారుచేశాడు. దానితో ఆ బెడద తీరింది.

ఇది ఎట్లా పనిచేస్తుందంటారా? మూడు నాలుగు గుర్రాలు లాగుతుంటే కింద పెద్ద ఇనుప చక్రం తిరుగుతుంది. బలమంతా ఆ చక్రానిదే. పళ్ళచక్రాలు, గొలుసులు ఆ బలాన్ని అన్ని భాగాలకూ అందిస్తాయి. రాట్నం వంటి చెక్క రెక్కలు పైరును కత్తి మీదికి వంచుతాయి. పళ్ళ కత్తి అటూ ఇటూ ఆడుతూ మొదలు కోస్తుంది. కోసిన పైరు గుడ్డ పట్టీ మీద పడి పైకి పోతుంది. కట్టకు చాలినంత కూడగానే వంపు సూది పురికొసను చుట్టుకు తెస్తుంది. పక్షి ముక్కు వంటి కొక్కెం ముడివేస్తుంది. చిన్న కత్తి దారం తెంచుతుంది, కట్ట బయట పడుతుంది.

మరి దీన్ని మన ఎద్దులకు కట్టరాదా? ఎద్దు నడక నెమ్మది. చక్రం వడిగా తిరగకుంటే కత్తి కోయదు, పైరును నములుతుంది. పళ్ళచక్రాలు మార్చి వడి పెంచితే లాగుడు బరువవుతుంది. తడి మడిలో చక్రం జారుతుంది. చిన్న మడిలో మలుపుకు చోటుండదు.

ఈ లోటును ఇంజను తీర్చింది. ఈనాటి చిన్న రీపర్ బైండరు సుమారు 4 అడుగుల వెడల్పున కోస్తుంది. నేల ఆరి, పైరు నిలబడి ఉంటే గంటకు ముప్పాతిక నుంచి ఎకరం దాకా కోసి కడుతుంది. కంబైను హార్వెస్టరు వడ్లను అప్పుడే చేతికిస్తుంది గాని గడ్డి చెల్లాచెదరవుతుంది, మొదలు పొడవుగా మిగిలిపోతుంది. రీపర్ బైండరు నేలకు 2, 3 అంగుళాల ఎత్తున కోస్తుంది కనుక గడ్డి నిండుగా దక్కుతుంది. నూర్పిడి ఖర్చు మాత్రం వేరుగా పడుతుంది. కాబట్టి పాడి ఉన్న రైతు ఆ ఖర్చును, మిగిలే గడ్డి ధరను పక్కపక్కన పెట్టి లెక్క చూసుకోవాలి. వాన ముంచుకొస్తుంటే కంబైనే మేలు.

కొన్ని జాగ్రత్తలు. కోతకు పది రోజుల ముందే మడిలో నీరు తీసేయండి. పడిపోయిన పైరులో యంత్రాన్ని దింపకండి. జనపనార పురికొసే వాడండి; ప్లాస్టిక్ దారం కూడా పశువు కడుపుకు తీగ వంటిదే. ముడి చిక్కుపడితే ఇంజను ఆపిన తర్వాతే చేయి పెట్టండి. కోత నాటికి గింజలో తేమ 20 నుంచి 22 శాతం ఉండవచ్చు, నిల్వకు 14 శాతానికి ఆరాలి. అందుకని కట్టలను మంచుకు, వానకు వదలకండి.

ఒక్కరే కొనడం బరువు. పక్కపక్క మడుల రైతులు పదిమంది కలిసి అద్దెకు తెచ్చుకొని వరసగా కోయించుకోండి. యంత్రం ఊరికే తిరగదు, ఖర్చు అందరికీ తగ్గుతుంది.