ఎంత తిరిగింది?
(లక్షలు తిరిగిన కార్ల మన్నిక గురించి)

— ఒక బి.ఎస్సీ. ఫైనలియర్ విద్యార్థి

పాత కారు కొనబోయే ప్రతివాడూ మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే: "ఎంత తిరిగిందండీ?" గేదెను కొనేటప్పుడు "ఎన్నో ఈత?" అని అడిగినట్టన్నమాట. ఐతే ఈత సంఖ్య ఒక్కటే విని డబ్బు లెక్కపెట్టే రైతును నేనింతవరకు చూడలేదు. పళ్ళు చూస్తాడు, పొదుగు చూస్తాడు, రెండు పూటలా దగ్గరుండి పాలు పితికిస్తాడు. అదే మనిషి కారు దగ్గరికి వచ్చేసరికి మీటరులో అంకె చూసి ఊరుకుంటాడు. మా నాన్నగారూ అలాగే చేశారు. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట. మైలేజీ అనగానే మనవాళ్ళకు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందనే తోస్తుంది. నేను చెప్పబోయేది ఆ మైలేజీ కాదు. బండి పుట్టిన దగ్గర్నుంచి తిరిగిన మొత్తం దూరం గురించి.

మాది నల్లజర్ల దగ్గర మెట్ట పల్లె. 2021లో నిమ్మతోట మీద నాలుగు డబ్బులు మిగిలితే ఇంట్లోకి కారు కొందామనుకున్నాం. రెండు బండ్లు కుదిరాయి. ఒకటి ఏలూరులో రిటైరైన ఒక ఉద్యోగిగారిది. పదకొండేళ్ళ బండి, తిరిగింది 48,000 కిలోమీటర్లు. రెండోది టాక్సీ. ఆరేళ్ళ బండి, మీటరు 2,80,000. మొదటిదానికి ఎనభై వేలు ఎక్కువ చెప్పారు. అయినా నాన్నగారు వెనకాడలేదు. "ఇంట్లో వాడుకున్న బండిరా, టాక్సీ ఐతే పిప్పి చేసి వదులుతారు" అన్నారు. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

2022 ఏప్రిల్‌లో మా నాయనమ్మకు ఆయాసం ఎక్కువైతే ఏలూరు ఆస్పత్రికి బయల్దేరాం. దూబచర్ల దాటి, గుండుగొలను ఇంకా చేరకముందే బానెట్టు సందుల్లోంచి ఆవిరి ఎగదన్నింది. వేడి చూపే ముల్లు ఎప్పుడు పైకి పోయిందో మేమెవరం గమనించలేదు. మిట్టమధ్యాహ్నం, రోడ్డు పక్కన నీడ లేదు. నాయనమ్మ వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆటో దొరికేసరికి ముప్పావుగంట పట్టింది. దేవుడి దయవల్ల ఆవిడ క్షేమంగానే ఇంటికి వచ్చింది. కానీ ఆ ముప్పావుగంట నేను మరిచిపోలేను.

బండిని తాడేపల్లిగూడెంలో ఒక షెడ్డుకు లాగించాం. మేస్త్రీ ఇంజను విప్పి చూపించాడు. నీళ్ళగొట్టం పగిలిపోయింది. హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది, హెడ్ వంగిపోయింది. నీళ్ళు తిరిగే దారుల్లో కాగు అడుగున పేరుకున్నట్టు తెల్లటి పొర. ఇంజనాయిలు తీస్తే నల్లటి జిగురు. ఐతే సిలిండర్ల గోడలు మాత్రం నున్నగా, అద్దంలా ఉన్నాయి! ఆయన చేతులు తుడుచుకుంటూ అన్నమాట ఇది: "ఇది అరిగిపోయిన బండి కాదండీ, ఆగిపోయిన బండి." ఆ ఏడాది నిమ్మకాయల డబ్బులో పెద్ద భాగం దానికే పోయింది. తప్పు కారు చేసినవారిది కాదు. పదకొండేళ్ళ రబ్బరు గొట్టాన్ని ఒక్కసారైనా వంచి చూడని మాదే.

ఆ మేస్త్రీ మాటకు అర్థం వెతుక్కుంటూ పోతే అది మన ఫిజిక్స్, కెమిస్ట్రీ పుస్తకాల్లోనే కనబడింది.

ఇంజను నడుస్తున్నప్పుడు లోపలి ఇరుసు బేరింగును తాకదు. మధ్యన సన్నని ఆయిలు పొర ఉంటుంది. ఆ పొర మందం కొన్ని మైక్రాన్లే. మన తల వెంట్రుకలో ఎన్నోవంతు. వానలో వేగంగా పోయే బండి టైరు నీటిపొర మీద తేలినట్టు, ఇరుసు తిరిగే వేగానికి తానే ఆయిలును కిందికి లాక్కుని దాని మీద తేలుతుంది. 1902లో జర్మనీలో స్ట్రైబెక్ అనే ఇంజనీరు, వేగాన్ని బట్టి బేరింగు రాపిడి ఎలా మారుతుందో కొలిచి చూపించాడు. వేగం బాగా తక్కువగా ఉన్నప్పుడు లోహం లోహాన్ని రాసుకుంటుంది. వేగం అందుకున్నాక పొర ఏర్పడి రాపిడి పడిపోతుంది. అంటే ఇంజను గంటలకొద్దీ నిలకడగా నడిచేటప్పుడు చాలా తక్కువ అరుగుతుంది. రాత్రంతా ఆగి, ఆయిలంతా కిందికి జారిపోయాక, పొద్దున్నే సెల్ఫ్ కొట్టినప్పుడే ఎక్కువ అరుగుతుంది. సిలిండరులో రింగుల సంగతీ ఇంచుమించు అంతే.

ఇంకొకటి నీళ్ళు. పెట్రోలు మండితే నీరు పుడుతుందని మనందరం పరీక్షల్లో సమీకరణం రాసినవాళ్ళమే, కానీ ఎంత పుడుతుందో లెక్కవేశామా? ఆక్టేను లెక్కన 228 గ్రాములు మండితే 324 గ్రాముల నీరు. అంటే లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు! అందులో చాలాభాగం ఆవిరిగా సైలెన్సరులోంచి పోతుంది. కొద్దిగా రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది. బండి ఓ గంట నడిస్తే ఆయిలు బాగా వేడెక్కి ఆ తేమ ఎగిరిపోతుంది. పొద్దున రైతుబజారుకి రెండు కిలోమీటర్లు, సాయంత్రం గుడికి రెండు కిలోమీటర్లు నడిచే బండిలో ఆయిలు వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది. తేమ లోపలే ఉండిపోతుంది. మసి, కాలీకాలని ఇంధనం, ఆమ్లాలు దానితో చేరి నల్లటి జిగురవుతుంది. మేము చూసింది అదే.

రైతుబిడ్డలకు నిజానికి ఇది కొత్త సంగతి కాదు. మన ట్రాక్టరుకు ఉండేది గంటల మీటరు. ఇన్ని గంటలకు ఆయిలు మార్చు, ఇన్ని గంటలకు ఫిల్టరు మార్చు అనే లెక్క. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఎన్ని కిలోమీటర్లు నడిచిందని ఎవడడుగుతాడు? కారును కూడా అలా లెక్కేసి చూద్దాం. ఊళ్ళో తిరిగే కారు సగటు వేగం గంటకు 16 కిలోమీటర్లనుకుంటే 48,000 కిలోమీటర్లకు 3,000 గంటలు. హైవే మీద తిరిగే టాక్సీ సగటు 50 అనుకుంటే 2,80,000 కిలోమీటర్లకు 5,600 గంటలు. మీటరులో దాదాపు ఆరు రెట్లు కనబడిన తేడా గంటల్లో రెండు రెట్లు కూడా లేదు. ఇక సెల్ఫ్ కొట్టడాలు లెక్కిద్దాం. ఉద్యోగిగారి కారు ఒకసారి స్టార్టు చేస్తే సగటున నాలుగు కిలోమీటర్లు నడిచిందనుకుంటే 12,000 సార్లు. టాక్సీ సగటున నలభై కిలోమీటర్లు నడిచిందనుకుంటే 7,000 సార్లు. ఇవి నా ఊహాలెక్కలే, ఎవరి బండికి వారు అంకెలు మార్చి వేసుకోవచ్చును. కానీ తరాజు ఎటు మొగ్గుతుందో చూశారుగా!

దీని మీద వయసొకటి. రబ్బరు కిలోమీటర్లు చూసి ముసలిదవదు. వేడికి, గాలికి ఏళ్ళు గడిచి బిరుసెక్కుతుంది. కూలెంటు అంటే చలిదేశాల్లో గడ్డకట్టకుండా పోసేదే గదా, మన ఎండలకెందుకని బోరు నీళ్ళు పోసేవాళ్ళున్నారు. అందులో తుప్పు పట్టనివ్వని మందు కూడా ఉంటుంది. బోరు నీళ్ళ సున్నం పొర కట్టి వేడిని బయటికి పోనివ్వదు. కారుతో ఇచ్చే పుస్తకంలో "ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది" అని ఉంటుంది. మనం మొదటి సగమే చదువుతాం.

అలాగని టాక్సీలన్నీ బంగారమని నా ఉద్దేశం కాదు. కిలోమీటర్లు తినేవి కిలోమీటర్లు తింటూనే ఉంటాయి: సస్పెన్షను బుష్షులు, చక్రాల బేరింగులు, ఇంజెక్టర్లు, టర్బో, సీట్లు. పైగా ఎక్కడ తిరిగిందనేది పెద్ద ప్రశ్న. మా మెట్టలో ఎర్రమట్టి బాటల ధూళిలో సన్నని ఇసుక ఉంటుంది. ఇసుకంటే సిలికా, గట్టిదనంలో ఇనుమును మించినది. గాలి ఫిల్టరు చిరిగి ఆ ధూళి లోపలికి పోయిందా, సిలిండరు గోడలకు ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. కొల్లేరు వైపు కైకలూరు, ఆకివీడు దారుల్లో చేపల లోడు మోసే బండ్లది మరో రోగం. పెట్టెల్లోంచి నీళ్ళు కారి ఇంజనుకన్నా ముందు అడుగు రేకు తుప్పు తింటుంది. ఇంజను ఇంకో లక్ష తిరిగేట్టుంటుంది, కాలు పెట్టే చోట రోడ్డు కనబడుతుంది!

ఇక్కడ అంబాసిడరు సంగతి చెప్పకపోతే మా తాతయ్య ఒప్పుకోడు. ఇంగ్లీషువాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1950ల చివర్లో మొదలైన ఆ కారు తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. "ఆ రోజుల్లో బండ్లు ఇనుమురా, పెళ్ళికి పదిమంది ఎక్కినా పలికేది కాదు" అంటాడాయన. నిజమే, కానీ అంబాసిడరు అరగకపోవడం వల్ల బతకలేదు. అరిగాక బాగుచెయ్యడానికి వీలుండడం వల్ల బతికింది. ఇంజను బోరుకొస్తే సిలిండరును కాస్త పెద్దది చేయించి పెద్ద సైజు పిస్టన్లు వేసేవారు. మళ్ళీ అరిగితే ఇంకో సైజు. ఏ ఊరి షెడ్డులోనైనా ఆ పని జరిగేది. ఇప్పటి ఇంజన్లు వాటికన్నా ఎంతో నెమ్మదిగా అరుగుతాయి. కానీ పాడైన భాగం మార్చడమే తప్ప సాగదీయడం తక్కువ. రెండూ మన్నికే, ఏ రకం మన్నిక కావాలో కొనేవాడు తేల్చుకోవాలి.

ప్రపంచంలో ఎక్కువ తిరిగిన కార్లలోనూ ఈ రెండు రకాలూ కనబడతాయి. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే సైన్సు మాస్టారు 1966లో కొన్న వోల్వో పి1800 కారు 2013లో 30 లక్షల మైళ్ళు, అంటే సుమారు 48 లక్షల కిలోమీటర్లు దాటింది. రోజుకు సగటున 280 కిలోమీటర్ల లెక్క. ఆయన చేసిన మహత్కార్యమల్లా పుస్తకంలో రాసినట్టు వేళకు ఆయిలు మార్పించడం. గ్రీసు దేశంలో ఒక టాక్సీ డ్రైవరు 1976 నాటి మెర్సిడెస్ 240డి మీద 46 లక్షల కిలోమీటర్లు తిరిగి, 2004లో దాన్ని కంపెనీ మ్యూజియానికి ఇచ్చాడు. ఐతే దానికి మధ్యలో అనేకసార్లు ఇంజన్లు మార్చారు. మా తాతయ్య మెచ్చేది ఈ రెండోదాన్నే.

మరి కొనేవాడు ఏం చూడాలి? మీటరు వెనక్కి తిప్పేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు, ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లకూ ఆ విద్య పట్టుబడింది. కాబట్టి అంకెతో పాటు బ్రేకు పెడలు మీది రబ్బరు, స్టీరింగు నునుపు చూడండి. పొద్దున్నే, చెప్పకుండా వెళ్ళండి. బానెట్టు మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని తేలాకనే స్టార్టు చేయమనండి. ముందే వేడిచేసి ఉంచారంటే ఏదో దాస్తున్నారన్నమాట. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తియ్యండి. పొయ్యిలోంచి వచ్చినట్టు పొగ దన్నుకొస్తే రింగులు పోయినట్టే. మూత లోపల జిగురుంటే మా మొదటి కారు లాంటిది. నీళ్ళగొట్టాలు వేళ్ళతో నొక్కి చూడండి. టైమింగ్ బెల్టు రకం ఇంజనైతే ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి. పాత సర్వీసు బిల్లులన్నీ వరసగా చూపించగల మనిషి దగ్గర మీటరు మూడు లక్షలున్నా నేను భయపడను. పదిహేనేళ్ళు దగ్గరపడిన బండైతే రిజిస్ట్రేషను గడువు కూడా చూసుకోవాలి. ఆ తర్వాత ఐదేసి ఏళ్ళకు రెన్యూ చేయించాలి, బండి తనిఖీలో నెగ్గాలి.

మేము ఆ మొదటి కారును బాగుచేయించి, ఉన్నదున్నట్టు చెప్పి, నష్టానికే అమ్మేశాం. అప్పటికి ఆ టాక్సీని ఇంకెవరో కొనేసుకున్నారు. 2023లో నాన్నగారు 2,40,000 తిరిగిన మరో టాక్సీని తెచ్చారు. ఈసారి మేస్త్రీని వెంటబెట్టుకుని, బిల్లులు చదివి మరీ. ఇప్పుడు మీటరు మూడు లక్షలు దాటింది. క్లచ్ ప్లేటు ఒకసారి, బుష్షులు రెండుసార్లు మార్చాం. దారిలో మాత్రం ఇంతవరకు ఆగలేదు. మా నాయనమ్మ మాత్రం కారును నమ్మదు. ఎక్కడికి బయల్దేరినా తలుపు పట్టుకుని నిలబడి, "నీళ్ళు చూశావురా?" అంటుంది. నాన్నగారు బానెట్టు ఎత్తి చూపించాకే ఎక్కుతుంది.