మన గోరింక వేరు, కొండ గోరింక వేరు

చిట్యాల: దుక్కిలో నాగలి వెంట, ఇప్పుడు ట్రాక్టరు వెంట నడుస్తూ పురుగులేరుకునే గోరింకను ఎరుగని రైతు ఈ ప్రాంతంలో లేడు. పంజరంలో కూర్చుండి మనిషిలా మాట్లాడే పేరుమోసిన ‘మైనా’ కూడా ఇదేనని చాలామంది అనుకుంటారు. కాని ఆ పేరు తెచ్చుకున్నది కొండ గోరింక. అది మన చేలల్లోకి రాదు. గోదావరికి ఆవల బస్తర్ అడవుల్లో, ఒడిశా కొండల్లో చెట్ల పైకొమ్మల మీదే దాని కాపురం. పండ్లు, పూలతేనె, పురుగులు దాని తిండి. విచిత్రమేమంటే, అడవిలో ఉన్నంతకాలం అది ఇతర పక్షుల కూతను అనుకరించదు. పంజరంలో పడ్డాకనే మనిషి మాట పట్టుకుంటుంది.

మన గోరింక ఒళ్లు గోధుమ రంగు. కొండ గోరింక నిగనిగలాడే నలుపు, ముక్కు నారింజ ఎరుపు. తల పక్కన పచ్చని తోలు మడతలు వేలాడుతుంటాయి. గంగడోలు, మూపురం చూసి గిత్త ఒంగోలుదా, దేవనిదా అని రైతు చెప్పినట్టే, శాస్త్రజ్ఞులు ఈ తోలు మడతలు చూసి కొండ గోరింకలను వేరుచేస్తారు. బస్తర్ వైపు పక్షికి ఆ మడత కన్ను కింద నుంచి మెడ వెనక్కు సాగుతుంది. పడమటి కనుమల పక్షికి మడతలు విడివిడిగా ఉండి నడినెత్తి వైపు వంపు తిరుగుతాయి.

ఈ పక్షికి 1758లో లిన్నేయస్ శాస్త్రీయ నామం పెట్టాడు. పడమటి కనుమల దానికి 1829లో కువియే వేరే పేరు పెట్టగా, నేడు పలువురు దానిని వేరే జాతిగానే లెక్కిస్తున్నారు. బస్తర్, ఒడిశా పక్షి హిమాలయాల వైపు దానికంటె కొంత చిన్నది. 1933లో విస్లర్, కిన్నియర్ అనే ఇద్దరు దీనిని ఉపజాతిగా గుర్తించి ‘పెనిన్సులారిస్’ అన్నారు. ఇదే నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి.

ఈ లెక్కలు మనకెందుకనిపించవచ్చు. చెట్టు తొర్రలో పెట్టేది రెండు మూడు గుడ్లే. మాట నేర్పి అమ్ముకునేవారు పిల్లలనే ఎత్తుకుపోతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టడం, అమ్మడం నేరం. పట్టుబడిన పక్షిని విడిపించినా, ఏ కొండదో తెలియకుండా వదిలితే అక్కడి జాతి కలగాపులగమవుతుంది. పెంచి సంఖ్య పెంచుదామన్నా చిక్కే, ఆడా మగా చూపుకు ఒక్కతీరే.