బట్టీ గల బేకరీ

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు మిరప యార్డునకు టిక్కీలు (మిరప బస్తాలు) వచ్చి చేరు వేకువజామున, దూరపు పల్లెలనుండి సరకు తెచ్చి రాత్రియంతయు తమ మూటల నానుకొని కునికిన రైతులును, దింపుడుపనికి నడుము బిగించిన హమాలీలును, కమీషను దుకాణముల గుమాస్తాలును ముందుగా వెదకునది వేడి టీ, దానితో మెత్తని బన్ను ఒకటి. పత్తితీతకు ఆటోలలో బయలుదేరు స్త్రీలు అన్నపు క్యారేజీతో పాటు వెంటనున్న పిల్లకొరకు కొనునదియు అదియే. ఇడ్లీకి ప్లేటు కావలెను, చట్నీ కావలెను, నిలుచుటకైనను ఒక బల్ల కావలెను; బన్నునకు కాగితపుముక్క చాలును. ఒంగోలు, చీరాల, అద్దంకి, చిలకలూరిపేట, నరసరావుపేట మొదలగు ఊళ్లలో బస్టాండు చెంతను, ఆసుపత్రుల వీధిలోను, బజారు మలుపులోను కానవచ్చు చిన్న బేకరీలు ఈ మైదానపు శ్రమజీవులకు చేయుచున్న ఉపకారమును మనము తగినంతగా గుర్తింపలేదని నా అభిప్రాయము.

ఈ నేలపై పండునవి వరి, జొన్న, సజ్జ; గోధుమ కాదు. పొంగించి కాల్చిన గోధుమరొట్టె ఇచ్చటి సామాన్యులకు పరిచితమగుట పాశ్చాత్యులు వచ్చిన పిదపనే. 1842 లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరెను. 1866 లో బాప్టిస్టు మిషనరీ క్లౌ ఒంగోలు చేరెను. 1883 లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పేర నేటికిని అచ్చట ఆసుపత్రి కలదు. వీరి కాలమునుండి బడులు, వైద్యశాలలు, చర్చిలు వెలసిన ఈ ప్రాంతమున బ్రెడ్డు మొదట రోగి పథ్యముగా ప్రసిద్ధి కెక్కినది. జ్వరము తగ్గినవానికి పాలలో నానిన బ్రెడ్డు పెట్టుట, ఆసుపత్రిలోని బంధువును చూడబోవునపుడు ఒక బ్రెడ్డు పొట్లము చేతబట్టుకొని పోవుట మన ఇండ్లలో ఇప్పటికిని మాసిపోని ఆచారము. ఈస్టు సులభముగా దొరకని ఆ దినములలో మదరాసు రాజధానిలోని వంటవారు తాటికల్లుతో పిండిని పులియబెట్టెడివారు. 1965 లో కేంద్రప్రభుత్వము మోడరన్ బేకరీస్ సంస్థను స్థాపించిన తరువాత మైనపుకాగితములో చుట్టిన బ్రెడ్డు కిరాణాకొట్లకు ఎక్కెను. 2000 లో ఆ సంస్థ ప్రైవేటు కంపెనీ పరమయ్యెను. రోగి మంచమును విడిచి టీకొట్టునకు రొట్టె నడచివచ్చుటకు మాత్రము కారకులు వేరొకరు.

హాసన్ సీమనుండి వచ్చిన తిరుమలాచారి అను అయ్యంగారు 1898 లో బెంగళూరు చిక్కపేటలో ఒక బేకరీని నెలకొల్పినట్లు ప్రసిద్ధి. దొరల వంటశాలనుండి వచ్చిన విద్యను ఆచారవంతులైన శాకాహారులు కోడిగ్రుడ్డు ప్రసక్తి లేకుండ తమదిగా చేసికొని, అందులో పచ్చిమిరపకాయ, కరివేపాకు, ఉల్లిపాయ, కొత్తిమీర చేర్చి ఖారా బన్నును, బెల్లమో పంచదారయో కలిపిన కొబ్బరితో కొబ్బరిబన్నును, అట్టి కొబ్బరినే పొరల నడుమ కూరిన దిల్‌పసంద్‌ను ప్రసిద్ధము చేసిరి. ఆ సంప్రదాయము కన్నడదేశపు ఎల్లలు దాటి మన ఊళ్లకును వచ్చినది. నేడు మన వీధులలో అయ్యంగార్ బేకరీ, బెంగళూరు బేకరీ అని బోర్డు కట్టిన ప్రతి దుకాణమును ఆ వంశీయులదే అనుకొనరాదు. గ్రుడ్డుపఫ్‌లు వరుసగా పేర్చిన అద్దాల బీరువాపై సయితము ఆ పేరు కనబడుచుండును. ఐనను ఆ పేరుతో పాటు ఒక పద్ధతి మనకు సంక్రమించినది: ముందు అమ్మకపు బల్ల, దాని వెనుకనే బట్టీ.

రొట్టె చౌకగా నుండుటయు, తాజాగా నుండుటయు రెండు వేర్వేరు గుణములని తోచును గాని, ఆ రెండును పుట్టునది ఈ వెనుకనున్న బట్టీనుండియే. ఇటుకలతో గుమ్మటముగా కట్టిన కట్టెలబట్టీని ముందుగా మండించి, నిప్పును, బూడిదను లాగివేసి, గోడలలో నిలిచిన వేడితోనే కాల్చుట పాతపద్ధతి. వేడి తీవ్రముగా నున్నపుడు బ్రెడ్డును, కొంత తగ్గిన పిదప బన్నులను, మరింత చల్లబడిన తరువాత బిస్కట్లను కాల్చి, రాత్రి మిగిలిన గోరువెచ్చదనములో రస్కులను ఆరబెట్టుదురు. ఒక్కసారి కాలిన కట్టె ఇన్ని సరకులకు పనికివచ్చుచున్నది. డీజిలు, కరెంటు ఓవెన్లు వచ్చినచోట ఈ వరుస మారినను, లెక్క మారలేదు: కాలిన సరకు పది అడుగుల దూరములో అమ్ముడుపోవును గనుక, రంగు కవరు ఖర్చు లేదు, లారీకిరాయి లేదు, ఏజెంటు కమీషను లేదు, ప్రకటనల వ్యయము లేదు. వారమురోజులు నిలువ యుండవలసిన పని లేదు గనుక బూజు పట్టకుండుటకు మందు కలుపవలసిన అగత్యమును తక్కువ. మన మైదానపు ఎండలో ఈ పని సులభమని తలపరాదు. రెంటచింతల వేసవి ఎట్టిదో ఎరుగనివారు లేరు. అట్టి వేడిలో పిండి వేళకు ముందే పొంగి పులిసిపోవును గనుక, బేకరీ మేస్త్రీ మంచునీళ్లు పోసి పిండి కలిపి, ఈస్టు తగ్గించి, గడియారముకంటె తన వ్రేలి స్పర్శనే నమ్ముకొని బట్టీకి ఎక్కించును. నిద్ర మానుకొని నేర్చిన ఈ నేర్పునకు మనము చెల్లించు మూల్యము చాల స్వల్పము.

సముద్రమున కావల హాంకాంగులోను దాదాపు ఇదియే జరిగినది. ఆంగ్లేయుల ఏలుబడిలో వచ్చిన ఓవెనును చైనీయులు తమ పేటలలో నిలుపుకొని, తమ రుచులను అందులో నింపిరి. పైన పంచదార పెచ్చు పగిలి అనాసపండు తొక్కవలె కనబడు బోలో బావ్ అను బన్నులో అనాస యుండదు. దానిని చేయు విధానమును హాంకాంగు ప్రభుత్వము 2014 లో తన సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది. గై మేయ్ బావ్ అను మరియొక బన్నులో కొబ్బరి, వెన్న, పంచదార కూరుదురు; అమ్ముడుపోని బన్నులను పారవేయ మనసొప్పక, నలిపి లోపలి పూర్ణముగా వాడుటతో అది పుట్టినదని చెప్పుకొందురు. మన కొబ్బరిబన్నునకును దానికిని గల సామ్యము నాకెంతయో ఆనందము గొలుపుచున్నది: ఒకరినొకరు చూడని రెండు పేటల పనివారు, పరాయి పొయ్యిలో తమ ఇంటి కొబ్బరిని పెట్టిరి. మనవారు అనేకులు కాపురమున్న కాలిఫోర్నియాలోని మిల్పిటాస్, క్యూపర్టినో వంటి ఊళ్లలో చైనీయుల బేకరీలు ఉన్నవి. ట్రే, పటకారు చేతబట్టి కావలసినది తామే ఏరుకొని, సూపర్‌మార్కెట్టులోని పొట్లపురొట్టెకంటె మెత్తని వేడి బన్నును కొద్ది డాలర్లతో తెచ్చుకొనవచ్చును. శాకాహారులు మాత్రము అడిగి తీసికొనుట మేలు. పైకి ఒకే తీరున నున్న బన్నులలో ఒకదానిలో ఎర్రచిక్కుడు గింజల తీపిపూర్ణమును, ప్రక్కదానిలో పందిమాంసమును ఉండుట కద్దు, కొన్ని పేస్ట్రీల పొరలలో పందికొవ్వును వాడుదురు.

మన ఊరిలో మంచి బేకరీని గుర్తించుటకు బోర్డును చూచుటకంటె వాసనను అనుసరించుట మేలు. ఎక్కడనో కాల్చి వ్యానులో తెచ్చి అమ్ము దుకాణములును నేడు పెరిగినవి. వెనుకగది తలుపు చెంత మైదా బస్తాలు, నల్లబడిన రేకుట్రేలు, పిండి అంటిన చేతులతో మనిషి కనబడిన చోటు మనకు కావలసిన చోటు. బట్టీ ఏ వేళకు దిగునో కొట్టువానినే అడిగి తెలిసికొని ఆ వేళకు పోవలెను. అడిగినందుకు వారు సంతసింతురే కాని విసుగుకొనరు. వేడివేడిగా దిగిన బ్రెడ్డును వెంటనే కోయించుకొనరాదు. లోపలి ఆవిరి నిలుకడకు రాకమునుపు కత్తి తగిలినచో ముక్క ముద్దయగును. గోధుమవర్ణము చూచి పొట్టుతో కూడిన గోధుమపిండియని నమ్మరాదు. మాడ్చిన పంచదార రంగుతోను ఆ వర్ణము తేవచ్చును. పిండిని పొంగించుటకు వాడుచుండిన పొటాషియం బ్రోమేటును 2016 లో మన దేశమున నిషేధించిరి. నూనెలు, వనస్పతులలోని ట్రాన్స్‌ఫ్యాట్లు 2022 నుండి నూటికి రెండు పాళ్లు మించరాదని నియమము చేసిరి. చిన్న బేకరీ యజమాని ఈ నియమములను పాటించుచున్నాడా యని గౌరవముగా అడుగుట కొనువాని హక్కు. పఫ్ పొరలు అంగిటికి మైనమువలె అంటుకొన్నచో ఆ కొవ్వును గూర్చి అడుగుటకు సంకోచింపనక్కరలేదు.

ఇంటికి తెచ్చిన రొట్టెను ఫ్రిజ్‌లో దాచు అలవాటు మనలో ప్రబలినది. అది రొట్టెకు హానియే చేయును. రొట్టె గట్టిపడుటకు కారణము తేమ ఆరిపోవుట ఒక్కటే కాదు. కాలినపుడు ఉబ్బి మెత్తబడిన పిండిపదార్థపు అణువులు చల్లారిన పిదప మెల్లమెల్లగా తిరిగి బిగిసి వరుసకట్టుచుండును, ఆ బిగువు ఫ్రిజ్ చలిలో మిక్కిలి త్వరితమగును. సుమారు 60 డిగ్రీలు దాటి వేడి తగిలినచో ఆ బిగువు సడలును. కావుననే నిన్నటి బన్ను పెనముపై నేతితో మరల మెత్తబడును. ఒకటి రెండు దినములకు గుడ్డలో చుట్టి డబ్బాలో నుంచుట చాలును. అంతకుమించి నిలుపదలచినచో గడ్డకట్టు అరలో పెట్టవలెను. వానకాలపు తేమలో మాత్రము బూజు త్వరగా వచ్చును. పచ్చని చుక్క కనబడిన ముక్కనే తీసివేసి తక్కినది తినుట క్షేమము కాదు.

రాత్రి కొట్టు మూయు వేళకు మిగిలిన బ్రెడ్డును పాతకాలపు బేకరీలవారు పారవేయరు. ముక్కలుగా కోసి, చల్లారుచున్న బట్టీలో తెల్లవారులు ఉంచి రస్కులు చేయుదురు. తేమ పూర్తిగా పోయిన రస్కు చాల దినములు నిలుచును. చేలకు పోవువారును, హాస్టలు పిల్లలును, పళ్లు లేక టీలో ముంచుకొని తిను ముదుసళ్లును వాటిని తూకమునకు కొనుక్కొందురు. కొన్నిచోట్ల విరిగిన రస్కులను వేరుగా, ఇంకను తక్కువ ధరకు ఇచ్చుట కలదు. అడిగినగాని అవి బీరువా క్రిందనుండి బయటికి రావు.