గట్టు మీద కానుగ, బోరు మీద ఎండ

2003లో ప్రపంచ బ్యాంకు ఒక వింత కొనుగోలు చేసింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే గోండు గూడెం ఉంది. అక్కడి మహిళా సంఘాలు నాటిన కానుగ చెట్ల పేరిట 645 డాలర్లు చెల్లించింది. బదులుగా గింజలూ అడగలేదు, నూనే అడగలేదు. గాలిలో కలవకుండా ఆగిపోయే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు కట్టిన ధర అది. ఆ 4,500 చెట్ల నుంచి పదేళ్ళలో 51 టన్నుల నూనె వస్తుందని, ఆ మేరకు డీజిల్ కాల్చే పని తప్పుతుందని లెక్క వేశారు.

అప్పటి మారకంలో అది ముప్పై వేల రూపాయలైనా కాదు. పదేళ్ళ పుణ్యానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ గూడేనికి అసలు ఆదాయం వేరే చోట ఉంది. నూనె మిల్లును, మొక్కల నర్సరీని ఆడవాళ్ళే నడిపారు. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వెన్నంటి ఉన్నారు. గింజ దళారికి అమ్మేస్తే మిగిలేది కూలి. అదే గూడెంలోనే ఆడిస్తే నూనె, గానుగలో మిగిలే చెక్క రెండూ దక్కుతాయి.

కానుగ మనకు కొత్త చెట్టేమీ కాదు. దమ్ము చేసే ముందు దాని రొట్ట మడిలో వేసి తొక్కించడం పాత అలవాటు. వేళ్ళ బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టే ఆ ఆకుకు అంత సత్తువ. గింజలో మూడో వంతు దాకా నూనె ఉంటుంది. మామూలు మిల్లులో నాలుగు కిలోల గింజ ఆడిస్తే సుమారు లీటరు దిగుతుంది. నూనె చేదు, తినడానికి పనికిరాదు. ఇంధనంగా చూస్తే ఆ చేదే మేలు, వంటింటితో పోటీ ఉండదు.

ఈ నూనె ఇంజన్‌ను తిప్పగలదని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యుడు ఉడుపి శ్రీనివాస ఊళ్ళలోనే చేసి చూపారు. కర్ణాటకలోని కగ్గనహళ్ళిలో కానుగ నూనెతో జనరేటర్లు నడిపి, ఆ కరెంటుతో పొలాలకు నీళ్ళు తోడించారు. చిక్కల్లా నూనె చిక్కదనంలోనే. డీజిల్ కన్నా ఎన్నో రెట్లు జిగురు కాబట్టి నెమ్మదిగా తిరిగే పాతకాలం ఇంజన్లు దాన్ని తట్టుకుంటాయి గానీ, కొత్తవాటిలో ఇంజెక్టర్లకు మసి పట్టేస్తుంది. అందుకని నూనెలో మిథనాల్, కొంచెం కాస్టిక్ సోడా కలిపి వేడి చేస్తారు. బరువైన గ్లిజరిన్ విడిపోయి అడుగుకు చేరుతుంది, పైన పలచటి బయోడీజిల్ తేలుతుంది. గింజలు చెమ్మలో నిలవ ఉంటే మాత్రం నూనెలో ఆమ్లం పెరిగి, డీజిల్‌కు బదులు సబ్బు తయారవుతుంది. సరిగా ఎండబెట్టే కళ్ళం లేని ఊళ్ళో బయోడీజిల్ ప్లాంటు పెట్టడం దండగ.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఎకరం నిండా కానుగ వేసి, చెట్లు కాపుకు వచ్చాక ఏడాదికి 500 లీటర్ల నూనె వచ్చిందనుకుందాం. ఇది ఉదారంగా వేసిన అంచనా. ఆ నూనెను పంపు ఇంజన్‌లో కాలిస్తే, వేడిగా పోయేది పోను, ఇరుసు తిప్పే శక్తి 1,200 యూనిట్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంత కరెంటు ఇవ్వడానికి మన ఎండలో ఒక కిలోవాట్ సౌర ఫలకాలు చాలు. వాటికి మూడు నులక మంచాలు వేసినంత చోటు సరిపోతుంది. ఎకరమెక్కడ, మూడు మంచాలెక్కడ! ఆకు తన మీద పడిన ఎండలో ఒక శాతం కూడా నిలవ చేసుకోలేదు, అందులోనూ గింజకు చేరేది కొసరే. సిలికాన్ ఫలకం ఐదో వంతును నేరుగా కరెంటుగా మారుస్తుంది.

కాబట్టి నీళ్ళు తోడడం కోసం పంట భూమిలో ఇంధనపు చెట్లు వేయడం శుద్ధ దండగ అని నా అభిప్రాయం. జట్రోఫా అనే మరో నూనె గింజల మొక్క మోజులో దేశం ఈ పొరపాటే చేసింది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ దాన్ని నెత్తికెత్తుకుంది. 2009 జీవ ఇంధన విధానం 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలంది. బీడులో నీళ్ళు లేకుండా జట్రోఫా బతికింది, నిజమే. బతకడం వేరు, కాయడం వేరు. కాయాలంటే నీళ్ళూ ఎరువూ కావాలి, అవే ఉంటే రైతు వేరుశనగే వేసుకుంటాడు. 2018లో కొత్త విధానం వచ్చేసరికి లక్ష్యం 2030 నాటికి 5 శాతానికి దిగింది.

హాసన్ జిల్లా మడెనూరులో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు నడిపే జీవ ఇంధన పార్కు మరో దారి పట్టింది. కానుగ, వేప, ఇప్ప చెట్లను పొలంలో కాకుండా గట్ల మీద, కంచెల వెంట పెట్టించి, గింజల సేకరణకు రైతు సంఘాలు కట్టించింది. అలా పెంచిన చెట్టు పంట చోటును ఆక్రమించదు. ఎండాకాలంలో పొలం పని లేనప్పుడు నాలుగు డబ్బులు ఇస్తుంది. దాని చెక్క మళ్ళీ అదే పొలానికి ఎరువు, నులిపురుగులకు మందు. నూనె కన్నా చెక్కే రైతుకు ఎక్కువ అక్కరకొస్తుందని నాకనిపిస్తుంది.

తోడే పని ఎండకు వదిలేద్దాం. ఐదు హెచ్‌పీ సోలార్ పంపుకు సుమారు ఐదు కిలోవాట్ల ఫలకాలు ఉంటాయి, మంచి ఎండ రోజున 20 యూనిట్లు వస్తాయి. 200 అడుగుల లోతు నుంచి తోడితే, మోటారు నష్టాలు పోను, రోజుకు దాదాపు 60,000 లీటర్లు. నాలుగు నెలలకు 72 లక్షల లీటర్లు. వరి ఎకరాకు 48 లక్షల లీటర్లు తాగుతుంది కాబట్టి ఎకరంన్నర తడుస్తుంది. వేరుశనగకు 20 లక్షలు చాలు, మూడున్నర ఎకరాలు పారుతుంది. బ్యాటరీల అవసరం కూడా లేదు. పగలు తోడి తొట్టిలో నింపుకుంటే, నిలవ చేసిన నీళ్ళే నిలవ చేసిన కరెంటు.

ప్రమాదం కూడా ఇక్కడే పొంచి ఉంది. డీజిల్ పోసేవాడు గంటకు లీటరు ఖర్చు చూసుకుని ఇంజన్ ఆపేస్తాడు. ఎండకు బిల్లు రాదు, ఆపడానికి కారణమూ ఉండదు. బోర్లు ఎండిపోయే దాకా తోడే అవకాశం సౌర పంపుతో చవగ్గా దొరుకుతుంది.

గుజరాత్‌లోని ఖేడా జిల్లా ఢుండీ గ్రామం దీనికో ఉపాయం కనిపెట్టింది. డీజిల్ పంపులతో తంటాలు పడుతున్న ఆరుగురు రైతులు, అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ అండతో, 2016లో సౌర సేద్యపు సహకార సంఘం కట్టి తమ పంపులను గ్రిడ్‌కు కలిపారు. తోడగా మిగిలిన కరెంటును విద్యుత్ సంస్థ యూనిట్‌కు రూ.4.63 చొప్పున 25 ఏళ్ళపాటు కొనేలా ఒప్పందం కుదిరింది. మొదట్లో నీటి యాజమాన్య సంస్థ మరో రూ.2.50 ప్రోత్సాహకంగా కలిపింది. ఇప్పుడు అనవసరంగా తోడిన ప్రతి గంటా రైతు జేబుకు చిల్లు. ఈ ఆలోచన వెనుక ఉన్న తుషార్ షా మాటల్లో ఎండ కూడా ఒక పంటే. 2018లో గుజరాత్ ఇదే తీరున రాష్ట్ర పథకం తెచ్చింది, 2019లో కేంద్రం తెచ్చిన పీఎం-కుసుమ్‌లో గ్రిడ్‌కు కలిపిన పంపులకూ చోటు దొరికింది.

మన దగ్గర కథ కొంచెం మెలిక తిరుగుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సేద్యానికి కరెంటు ఉచితం. బిల్లే లేనివాడికి సౌర ఫలకం కొత్తగా మిగిల్చేదేమీ ఉండదు, మిగులు యూనిట్‌కు మంచి ధర వస్తే తప్ప. ఉచిత కరెంటుకయ్యే సబ్సిడీలో కొంత భాగాన్ని ఆ ధరగా మళ్ళించడం విద్యుత్ సంస్థలకూ లాభమే, ఎందుకంటే దూరపు ఫీడర్లలో దారి నష్టాలు తగ్గుతాయి.

ధరతో పాటు నీటి లెక్కా కావాలి. అది మన రైతులు చేయగలరని ఇప్పటికే రుజువైంది. 2003 నుంచి 2009 దాకా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో, 600కు పైగా ఊళ్ళలో, రైతులే వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బావుల్లో నీటిమట్టం చూసి రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఎంత ఉంది, అనుకున్న పంటలు ఎంత తాగుతాయి అని లెక్క కట్టారు. ఆంక్షలూ జరిమానాలూ లేవు. అంకెలు గోడ మీద చూశాక చాలామంది తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. అప్పట్లో నీళ్ళు మిగిల్చినందుకు ఎవరూ వాళ్ళకు పైసా ఇవ్వలేదు. ఇప్పుడు సౌర పంపు, గ్రిడ్ మీటరు ఉంటే ఆ మిగులుకు యూనిట్ల లెక్కన డబ్బు చెల్లించవచ్చు.